ఆముదాల ఇంట్లో తుమ్ములు

"మళ్ళా తుమ్మినాది," అంటూ మల్లయ్య బండి మీంచి దిగాడు.

ఎద్దులు కాడి కింద నిలబడి తోకలాడించుకుంటున్నాయి. వాటికి కూడా సంగతి తెలిసిపోయినట్టుంది. పొద్దుటి నుంచి అవి వాకిలి దాటింది లేదు.

ఆముదాల బస్తాలు వేసుకుని మల్లయ్య కంభం సంతకు బయలుదేరతాడు. బండి కదలగానే లోపలి గదిలోంచి కోడలు అలివేలు తుమ్ము వినిపిస్తుంది. దిగుతాడు. కాళ్ళు కడుక్కుంటాడు. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగుతాడు. శకునం చల్లబడి ఉంటుందనుకుని లేస్తాడు. లోపల అలివేలు కూడా అంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. ఎంతసేపని బిగబడుతుంది? చక్రాల చప్పుడు వినగానే, పోయాడులే అనుకుని ఊపిరి వదులుతుంది. దానితోపాటే తుమ్మూ వస్తుంది.

"రెండోది గూడా తుమ్ము పాపా," అంది అత్త మాలకొండమ్మ వంటింట్లోంచి. "ఒంటి తుమ్ముతో ఆపవాకు. జంట తుమ్ము మంచిదే. తుమ్మితే మీ మామ పోతాడు."

ఆ ఇంట్లో తుమ్మడం తప్పు కాదు. ఒక్కటే తుమ్మడం తప్పు. అలివేలు పాపం ప్రయత్నించింది. చెంగు కొస ముక్కులో పెట్టుకుంది, కిటికీలోంచి ఎండ వైపు చూసింది. పిలిస్తే వచ్చే చుట్టమా అది?

"రాలేదత్తా."

"పొద్దస్తమానం వస్తాది. కావాల్సినప్పుడు రాదు."

మల్లయ్య అరుగు మీద కూలబడ్డాడు. "రైలుకు సరుకెక్కించే ఏజెంటు మధ్యాన్నం దాకనే ఉంటాడంట. ఆయన పోయినాక ఈ ఆముదాలు ఎవురి నెత్తిన పోయాల?"

"అంత తొందరుంటే పో. ఎవురు పట్టుకున్నారు నిన్ను?"

"ఒంటి తుమ్ము విని బండి తోలమంటావా? మా నాయన అట్లనే పోయి కాలిరగ్గొట్టుకున్నాడు."

"మీ నాయన కల్లు తాగి పడినాడు. దానికీ తుమ్ముకూ ముడేయవాకు."

మల్లయ్య పెరటి వైపు చూశాడు. అక్కడ కొడుకు కాటమరాజు ఆముదపు కాయల కుప్పను గంపలకెత్తి దొడ్డి అవతలికి మోస్తున్నాడు. నిన్న సాయంత్రం కూడా మోశాడు. రాత్రికి దొంగల భయమని మల్లయ్య మనిషిని పెట్టి మళ్ళీ ఇంటి పక్కకే తెప్పించాడు. ఇప్పుడు వీడు మళ్ళీ మొదలెట్టాడు.

"ఏందిరా అది? కుప్పకు కాళ్ళొచ్చినాయా?"

"ఎలకలు నాయనా."

"నిన్న చెమ్మ అంటివి."

"చెమ్మ గూడా ఉంది. ఎలకలు గూడా ఉండాయి."

మొన్న భార్యను కంభం ఆసుపత్రికి తీసుకుపోయి వచ్చిన దగ్గర్నుంచీ కాటమరాజు తీరే అంత. అడిగినదానికి ఒక పూట ఒకటి చెబుతాడు, ఇంకో పూట ఇంకొకటి. చేనులోంచి వస్తే ఇంట్లో కాలు పెట్టకుండా గొడ్ల కొట్టంలోకి పోయి పంచె మార్చుకుంటున్నాడు. ఇదేం మడి అని తల్లి అడిగితే ఉక్క అన్నాడు. మాఘమాసంలో ఉక్క ఏమిటో తల్లికి అర్థం కాలేదు. అలివేలు గది కిటికీకి తడి గోనెపట్టా కట్టాడు. అదెందుకంటే చల్లగా ఉంటుందన్నాడు. ఒకే మనిషికి ఒకే ఇంట్లో ఉక్కా చలీ రెండూ ఎట్లా వచ్చాయో ఆ మల్లన్న స్వామికే తెలియాలి.

ఇంతలో మల్లయ్యకు ఒక ఉపాయం తట్టింది. "ఏమే, ఇంట్లో దూది ఉందా?"

"దీపం వత్తులకు పెట్టినాను. ఎందుకు?"

ఎందుకో ఆయన చెప్పలేదు. ఒక్కో చెవిలో ఉండెడు దూది కుక్కుకుని, తలపాగా చెవుల మీదకు లాగి బిగించి కట్టుకుని బండెక్కాడు. చెవిన పడని తుమ్ము తుమ్మే కాదన్నది ఆయన వాదం. శకునశాస్త్రం రాసినవాళ్ళకు ఈ దూది సంగతి తోచినట్టు లేదు. బండి కదిలింది. లోపల అలివేలు తుమ్మింది. మల్లయ్య ఎద్దుల్ని అదిలించుకుంటూ దర్జాగా వీధిలోకి తిరిగాడు.

సరిగ్గా అప్పుడే కాటమరాజుకు ధైర్యం వచ్చింది. గంప కింద పడేసి బండి వెంట పరుగెత్తాడు.

"నాయనా, ఒక్క మాట. అమ్మకు నేను చెప్పలేను, నువ్వు చెప్పాల. డాక్టరమ్మ మొన్న..."

మల్లయ్య తల తిప్పలేదు. కాటమరాజు కొంతదూరం బండి వెనకే నడిచాడు. బండిలో దుమ్ము కొట్టుకున్న బస్తాలు తప్ప అతని మాట విన్నవాళ్ళు లేరు. రెండు రోజులు కూడగట్టుకున్న ధైర్యం అట్లా వీధి పాలయింది. తిరిగొచ్చి గంప ఎత్తుకున్నాడు.

ఇంతకీ మొన్న ఏం జరిగిందంటే, కంభం డాక్టరమ్మ కృష్ణవేణమ్మ అలివేలు కళ్ళూ ముక్కూ చూసింది, రొమ్ము మీద గొట్టం పెట్టి వింది. జ్వరం లేదు, దగ్గు లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ తుమ్ములు, కళ్ళ దురద, ముక్కు వెంట నీళ్ళు. మీ ఇంట్లో ఏం పండిస్తారు అని అడిగింది. చెప్పారు. కాయలు ఎక్కడ ఆరబోస్తారు అని అడిగింది. ఇంటి పెరట్లోనే అన్నారు. పోయిన సంవత్సరం కూడా ఇదే కాలంలో వచ్చిందా అంటే అలివేలు అవునంది.

"ఇది రొంప కాదమ్మా. ఆముదపు పూల పుప్పొడీ, కాయలు కొట్టేటప్పుడు లేచే దుమ్మూ నీ ఒంటికి పడలేదు. ఇంగ్లీషులో దీన్ని హే ఫీవర్ అంటారు. పేరుకే జ్వరం," అని నవ్వింది ఆమె. "కడుపులో బిడ్డ ఉంది కాబట్టి మందుల జోలికి పోవద్దు. ఆయాసానికని అంగట్లో అమ్మే ఉమ్మెత్తాకు చుట్టలు అసలు తాగొద్దు. నీళ్ళు కాగబెట్టి చల్లార్చి, ఇంత ఉప్పు కలిపి ముక్కు కడుక్కో. కిటికీకి తడిగుడ్డ కట్టండి. కుప్ప దూరంగా పెట్టుకోండి. చేనులో తిరిగిన బట్టలతో ఈమె పక్కకు రావద్దయ్యా. ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి."

అలివేలు బయటికి పోయి బల్ల మీద కూర్చున్నాక, కాటమరాజు వెనక్కి వచ్చి ఇంకో మాట అడిగాడు. అడగకపోయినా బాగుండునని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"మా ఇంట్లో రొంపకు ఆముదం తాపిస్తారమ్మా. తాపొచ్చునా?"

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "ఒక్క చుక్క కూడా తాపవద్దు. అది పేగుల్ని కదిలిస్తుంది. ఒక్కొక్కరికి దాంతోపాటు నొప్పులు కూడా మొదలవుతాయి. ఇంత ముందుగా వస్తే బిడ్డ దక్కదు."

"పోయినేడు తాపించినారు. ఆ మర్నాడే..."

"దానివల్లే పోయిందని నేను అనలేను. కొందరికి ఏమీ కాదు. వేరే కారణం ఉండవచ్చు. కానీ ఈసారి మాత్రం వద్దు."

ఇదీ కాటమరాజు రెండు రోజులుగా కక్కలేక మింగలేక మోస్తున్న సంగతి. పోయినేడు ఏడో నెలలో మగబిడ్డ పోయాడు. ఆముదం తాపించింది తన తల్లి. ఆ చేతులతోనే ఆమె ఆ బిడ్డను గుడ్డలో చుట్టి ఇచ్చింది. నెల రోజులు అన్నం సయించక మంచాన పడింది. అటువంటి మనిషికి ఈ మాట ఏ నోటితో చెప్పాలి? పోనీ భార్యకు చెబుదామా అంటే ఆ తర్వాత ఈ ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఒక పొయ్యి మీద వండుకోవాలి. ఉప్పునీళ్ళ సంగతి ఒకటి చెప్పి మిగతాది మింగేశాడు. అతను చెడ్డవాడు కాడు. కానీ కొన్ని ఇళ్ళలో చెడ్డవాళ్ళకన్నా ఇట్లా నోరు లేని మంచివాళ్ళతోనే ఎక్కువ కీడు జరుగుతుంది.

మధ్యాహ్నం బువ్వకు వచ్చినప్పుడు అమ్మకు చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది అనుకుని కాటమరాజు చేనుకు పోయాడు.

అలివేలు పెరటి గడపలో వంగి ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటుంటే మాలకొండమ్మ చూస్తూ నిలబడింది.

"ముక్కులో నీళ్ళు పోసుకునేది ఏం వైద్యమో. మునిగిపోయినోళ్ళకు అయ్యేది అదే గదా."

"కొంచెం హాయిగా ఉందత్తా. కాసేపు తుమ్ములు రావు."

"కాసేపటికి ఏం లాభం? లోపల నెమ్ము అట్లనే ఉండాది. తుమ్మినప్పుడల్లా కడుపు ఎట్ల ఎగిరిపడతాందో చూస్తానే ఉండా. నా గుండె ఆగిపోతాంది. రా, కూర్చో. కాళ్ళు చాపు."

అలివేలు గోడకు ఆనుకుని కూర్చుంది. ఆరో నెల గడుస్తోంది. కళ్ళు ఎర్రబారి ఉబ్బి ఉన్నాయి. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. అత్త ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తసాగింది. కోడలు నీళ్ళకుండ ఎత్తడానికి వీల్లేదు, చింతచెట్టు కిందకు పోవడానికి వీల్లేదు, పీట మీద తప్ప కూర్చోవడానికి వీల్లేదు. ఈసారి మాలకొండమ్మ కాపలా అట్లా ఉంది. ఇంత ప్రేమా ఉంది, నోరూ ఉంది.

"ఈసారన్నా నిలబెట్టుకో పాపా. పోయినసారి మాదిరి చేయవాకు."

అలివేలు తల వంచుకుంది. సంవత్సరంగా ఈ మాట విన్నప్పుడల్లా ఆమె చేసేది అదే.

"అత్తా, నన్ను మా నాయన కాడికి పంపు. నెల రోజులు. కాయలు కొట్టేది అయిపోయినాక వస్తా."

"పుల్లలచెరువుకా? మార్కాపురం దాటి, ఎర్రగొండపాలెం దాటి, ఆ అడివి అంచుకా? తాగే నీళ్ళకు కోసెడు పోవాల ఆడ."

"ఆడ నీళ్ళు లేవు గానీ తుమ్ములు గూడా లేవత్తా. పెళ్ళి కాకముందు నేను తుమ్మి ఎరగను."

"అంటే ఏంది? మా ఇంట్లోనే వచ్చినాదనా?"

"ఇంటిని అనలేదు. ఆడ ఆముదం చెట్టు లేదు. అంతే అన్నా."

మాలకొండమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో దీపానికి ఆముదం. తలకు ఆముదం. బిడ్డ పుడితే మాడుకు ఆముదం. కడుపునొస్తే కడుపులోకి ఆముదం. బండి ఇరుసుకు కూడా అదే. ఆ చెట్టును పట్టుకుని పడలేదంటే, అన్నం పెట్టే చెయ్యిని పట్టుకుని మురికి అన్నట్టే.

"మా అత్త నాకు ఈ ఇంట్లో మొదట పెట్టిన ముద్ద గూడా ఆముదాలు అమ్మి తెచ్చిందే," అంది మాలకొండమ్మ మెల్లగా. "ఆ మాట మీ మామ కాడ అనవాకు. ఏడుస్తాడు ముసలోడు."

"అననులే అత్తా."

"అయినా ఆరో నెల సరి నెల. సరి నెలలో పుట్టింటికి పంపితే మంచిది కాదు. ఏడో నెల రానీ. నేనే బండి కట్టించి పంపిస్తా."

అలివేలుకు తుమ్ము వచ్చింది. ఒకటి, దాని వెనకే ఇంకోటి, ఆపకుండా. రెండు చేతులా కడుపు పట్టుకుని ముందుకు వంగిపోయింది. తుమ్ములు ఆగాక కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఏడుపు నీళ్ళో తుమ్ము నీళ్ళో ఆమెకే తెలియదు.

మాలకొండమ్మ లేచి వంటింట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఇత్తడి గ్లాసు ఉంది. శొంఠి కషాయం పొగలు కక్కుతోంది. దాని మీద ఆముదం తేలుతోంది.

"తాగు. ఇట్ల చూస్తా ఉండలేను నేను. ఒక్కసారి కడుపు కదిలిందంటే పైనున్న నెమ్మంతా దిగిపోతాది."

"డాక్టరమ్మ ఏ మందూ వద్దన్నాదత్తా."

"మందు వద్దన్నాది. ఆముదం మందా? ఆముదం మందైతే మనం తినే సద్ద సంకటి గూడా మందే."

అలివేలుకు ఆ మాట నిజమే అనిపించింది. వాళ్ళ అమ్మ కూడా ఆముదాన్ని ఎప్పుడూ మందు కింద జమకట్టలేదు. మందంటే సీసాలో ఉండేది, కాగితంలో పొట్లం కట్టేది.

"పోనీ ఆముదం తాగొద్దని అన్నాదా ఆమె? సరిగ్గా గుర్తు చేసుకో."

"నాతో అనలేదు."

"రాజుతో అన్నాదా?"

"అనుంటే చెప్పడా?"

"అదే గదా. వాడు దాచేవాడు కాదు. తాగు పాపా, నా తల్లివి గదా."

అలివేలు గ్లాసు అందుకుంది. పొద్దుటి నుంచి మామ బండి ఎక్కుతూ దిగుతూ ఉండటం ఆమె మనసులో మెదులుతూనే ఉంది. తన వల్ల ఇంట్లో పని ఆగిపోయింది. సంత తప్పితే అదీ తన తుమ్ముల మీదకే వస్తుంది. ఒక గ్లాసు తాగితే ఇంతమందికి మనశ్శాంతి అంటే కాదనడం ఎందుకు? ముక్కు మూసుకుని గుటకలు వేసింది. సగానికి రాగానే వెలపరం వచ్చింది.

"ఇంక నా వల్ల కాదత్తా."

"సరేలే. మిగతాది అన్నం తిన్నాక."

మాలకొండమ్మ గ్లాసు మీద చిన్న పళ్ళెం బోర్లించి గూట్లో పెట్టింది. కోడలి మూతి తన చెంగుతో తుడిచింది. ఆముదం తాగిన మొహం అని ఊరికే అనలేదు పెద్దలు అని ఆమె అంటే, అలివేలు నవ్వబోయింది.

కాటమరాజు మధ్యాహ్నం వచ్చాడు. కొట్టంలో పంచె మార్చుకున్నాడు, ముఖమూ చేతులూ కడుక్కున్నాడు. చెప్పాల్సిన మాటలు దారిపొడుగునా కూర్చుకుంటూ వచ్చాడు. అమ్మా కూర్చో, నీ తప్పేం లేదు, తెలియక చేసినావు. అట్లా మొదలు పెడదామనుకున్నాడు. గడపలో కాలు పెట్టాడు.

"ఏంది వాసన?"

"శొంఠి కాచినా," అంది తల్లి కంచం పెడుతూ.

"శొంఠి ఒక్కటేనా?"

"ఇంకేంది? కూర్చో. సంకటి చల్లారిపోతాంది."

అతని కళ్ళు గూట్లోని గ్లాసు మీద పడ్డాయి. పోయి పళ్ళెం తీసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవురు తాగినారు?"

గోడకు ఆనుకుని కునుకు తీస్తున్న అలివేలు కళ్ళు తెరిచింది. "నేనే. సగం తాగినా. మిగతాది తాగుతాలే."

కాటమరాజు గ్లాసు చేత్తో పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఎప్పుడు?"

"నువ్వు చేనుకు పోయినాక. ఏమైంది?"

"ఏమైందిరా?" అంది తల్లి. "మొహం అట్ల పెట్టినావేంది? నోరు తెరువు."

"ఆముదం తాపొద్దన్నాదమ్మా డాక్టరమ్మ. ఒక్క చుక్క గూడా వద్దన్నాది. నొప్పులొస్తాయన్నాది."

వంటింట్లో ఏదో పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది. మాలకొండమ్మ అటు చూడలేదు.

"ఎప్పుడన్నాది?"

"మొన్న."

"మొన్ననా? నిన్నంతా ఈడనే ఉంటివి. ఈ పొద్దు పొద్దున గూడా ఉంటివి. ఎలకలంటివి. చెమ్మంటివి."

"చెబుదామనే అనుకున్నా. నాయనకు చెప్పబోతే..."

"నాయనెందుకు? తాపేది నేను గదా. నాకు చెప్పేదానికి ఏం నొచ్చినాది నీకు? ఆముదం తాపవాకమ్మా అంటే తాపనా? నేనేమన్నా పగదాన్నా? అంత చిన్న మాట చెప్పేదానికి రెండు దినాలు..."

ఆమె ఆగిపోయింది.

కాటమరాజు తల ఎత్తలేదు. గ్లాసు అంచు మీద జిడ్డును బొటనవేలితో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. మాలకొండమ్మ కొడుకు నెత్తి వైపు చూస్తూ నిలబడింది. చిన్న మాట చెప్పడానికి వాడికి రెండు రోజులు ఎందుకు పట్టిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"పోయినేడు గూడా నేనే తాపించినా గదా రాజా," అంది.

అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఇదే నెలలో. ఇదే తుమ్ములకు. సాయంత్రం తాపించినా. తెల్లారి..." ఆమె గ్లాసు వైపు చూసింది. "ఆ సంగతి గూడా అడిగినావా ఆమెను?"

"అడిగినా."

"ఏమన్నాది?"

"దానివల్లనే అని చెప్పలేనన్నాది. వేరే కారణం ఉండొచ్చన్నాది. నీ తప్పని అనలేదమ్మా. ఎవురూ అనలేదు."

మాలకొండమ్మ గోడ పట్టుకుంది. ఆమె ఏడుస్తుందని కాటమరాజు అనుకున్నాడు. ఆమె ఏడవలేదు. కోడలి వైపు చూడటానికి ఆమెకు భయమేసింది. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచీ మాలకొండమ్మ భయపడి ఎరగదు.

అలివేలు మెల్లగా లేచి నిలబడింది.

"సంవత్సరం నుంచి నా కడుపును నేనే తిట్టుకుంటి," అంది. గొంతు పెంచలేదు. "నిలుపుకోలేని కడుపని నువ్వంటే అవుననుకుంటి. నీళ్ళకు పోతే ఆడోళ్ళు నన్ను చూసి పక్కకు పోతే, నిజమేలే నాది పాడు కడుపు అనుకుంటి. శ్రీశైలానికి మొక్కుకుంటి. ఏం పాపం చేసినానో చెప్పు స్వామీ అని అడుగుతా ఉంటి."

"పాపా..."

"నువ్వు ఎరగక తాపినావత్తా. ఆ మాట నాకు తెలుసు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వు ఎరుగుదువు గదా. మొన్నటి నుంచి ఎరుగుదువు. నా పక్కనే పండుకున్నావు. నీ తప్పు కాదేమో అలివేలూ అని ఒక్క మాట చెప్పొచ్చు గదా. ఖచ్చితంగా కాదని వద్దు. కాదేమో అని చెప్పినా నాకు చాలు గదా."

"నువ్వు అమ్మను ద్వేషిస్తావేమోనని..."

"నన్ను నేను ద్వేషించుకుంటే ఫరవాలేదా నీకు?"

సంకటి మీద ఈగలు ముసురుతున్నాయి. ఎవరూ తోలలేదు.

మాలకొండమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. ఎప్పటిలాగే, ఆలోచించకుండా, చెయ్యి చాపి కోడలి కడుపు మీద పెట్టబోయింది. అలివేలు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముట్టుకోవాకత్తా."

చెయ్యి అట్లాగే గాలిలో ఆగింది. తర్వాత మాలకొండమ్మ దాన్ని వెనక్కి తీసుకుని చెంగులో దాచుకుంది.

అలివేలు లోపలి గదిలోకి పోయింది. మంచం పట్టె మీద కూర్చుందో లేదో, వేళ్ళు పట్టెను గట్టిగా పట్టుకున్నాయి. కాటమరాజు గుమ్మంలోంచి అది చూశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. కొంచెం మెలిపెట్టినట్టుంది."

"ఎక్కడ?"

"తెలీలేదు."

మన బండి కంభంలో ఉంది, ఎవరి బండి దొరుకుతుందో చూసి వస్తానని తల్లితో అన్నాడో తనలో తాను అనుకున్నాడో, కాటమరాజు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. నడివీధిలో అతని కేకలు కొంతసేపు వినిపించాయి. కాయలు ఆరబోసే కాలం. ఊళ్ళో బళ్ళన్నీ చేలల్లోనే ఉంటాయి.

ఇంట్లో ఇద్దరాడవాళ్ళు మిగిలారు.

మాలకొండమ్మ గది గుమ్మం దాకా వచ్చింది. తన ఇల్లు, తాను అలికిన గడప. దాటలేదు.

"నేను లోపలికి రావచ్చునా పాపా?"

అలివేలు రమ్మనలేదు, పొమ్మనలేదు. గోనెపట్టా నుంచి నీళ్ళు నేల మీదకు కారుతున్నాయి. కొద్దిసేపు ఏమీ కాలేదు. ఇంక రాదేమోనని ఇద్దరూ ఎవరికి వారు అనుకుంటున్నంతలో మళ్ళీ మెలిపెట్టింది. ఈసారి అలివేలు ముందుకు వంగి పళ్ళు బిగబట్టింది. అది తగ్గేదాకా ఆగి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇది పేగులదా, బిడ్డదా అత్తా?"

అయిదుగురిని కని, ఊళ్ళో సగం కాన్పులకు పక్కన కూర్చున్న మనిషి మాలకొండమ్మ. మొహం చూసి గడియ చెప్పగలదని పేరు. ఆమె గడప అవతలే నిలబడి, తెలియదని చెప్పడానికి నోరు రాక, కోడలి వైపు చూస్తూ ఉండిపోయింది.